పల్లేరు ముద్ద మానిన కథ

గుండ్లకొండ పేరుకే కొండ. ఎవరో పనిలేక రాతిగుండ్లను ఒకదానిమీదొకటి పేరుస్తూ, మధ్యలో విసుగొచ్చి వెళ్ళిపోయినట్టుంటుంది. దానికి తూర్పున జొన్నచేలు, పడమట పొద్దుతిరుగుడు తోటలు, కిందుగా సన్నటి వంక. పై గుండ్ల మీద కొండముచ్చుల మంద, కింది గుండ్ల సందులో నక్క, వంక పక్క బీడులో మధ్యాహ్నం కాడి దింపాక నెమరేసుకునే ఎద్దు. ఎవరి తావు వాళ్ళది, ఎవరి తిండి వాళ్ళది. ఎదురుపడితే ఒక పలకరింపు, అంతే.

కొండముచ్చుల్లో అందరికన్నా పెద్దది సుంకమ్మ. ఆరుగురిని కని పెంచింది. ఆఖరి పిల్ల కిందటి వానాకాలంలో పాలు మాని, ఈడు పిల్లలతో ఆటల్లో పడిపోయింది. ఆ రోజు నుంచీ సుంకమ్మకు ఒంట్లో ఏదో తక్కువైనట్టుండేది. ఏళ్ళ తరబడి పొట్టను కరుచుకుని ఎవరో ఒకరు ఉండేవాళ్ళు. ఆ బరువుకు అలవాటు పడ్డ ఒళ్ళు కదా, ఇప్పుడు గుండు మీంచి గుండు మీదికి దూకితే అడుగు అంచనా తప్పుతోంది. కూతుళ్ళు వాళ్ళ పిల్లల్ని ఎత్తుకోనిచ్చేవాళ్ళు గానీ, ఆకలేస్తే పిల్లలు తల్లి దగ్గరికే పరిగెత్తేవి. సుంకమ్మ చేతులు మళ్ళీ ఖాళీ.

మాఘమాసంలో ఒక ఉదయం చేలగట్టున ఎండిపోయి నిలబడ్డ తాటిమొద్దును మనుషులు దూలానికని నరికి, బండికెత్తుకుని పోయారు. ఆ మొద్దు తొర్రలో చిలక కాపురముంది. మొద్దు పడ్డ చోట మూడు పిల్లలు నేలపాలయ్యాయి. రెండు పడగానే పోయాయి. తల్లీ తండ్రీ అరుచుకుంటూ పొద్దెక్కేదాకా పైన తిరిగి తిరిగి, చివరికి ఎటో వెళ్ళిపోయాయి. సుంకమ్మ చూసి పోదామనే దిగింది. మూడోది బతికుంది. ఒళ్ళంతా ఈకలు ఇంకా విచ్చుకోని ముళ్ళు, పెద్ద తల, మూసిన కళ్ళు. అచ్చం పల్లేరుకాయ. సుంకమ్మ వేలు తగలగానే అది నోరు తెరిచింది. ఆ తెరిచిన నోటిని చూశాక దాన్ని అక్కడే వదిలి రావడం సుంకమ్మ వల్ల కాలేదు.

కూతుళ్ళు నవ్వారు. కాకిపిల్ల కాకికి ముద్దన్నారు గానీ చిలకపిల్ల కొండముచ్చుకు ముద్దని ఎవరూ అనలేదే అని ఎగతాళి చేశారు. సుంకమ్మ పట్టించుకోలేదు. దానికి పల్లేరు అని పేరు పెట్టి, రెండు గుండ్ల మధ్య ఎండుగడ్డి పరిచి పడుకోబెట్టింది.

పెంచడం తెలుసు గానీ, ఇట్లా పెంచడం తెలియదు. పాలిచ్చే బిడ్డ కాదిది. పాలుపట్టిన జొన్నకంకి తెంపి, గింజలు మెత్తగా నమిలి, మోదుగాకును మూతిలా మడిచి, దాంట్లో ముద్ద పెట్టి నోటికందించింది. పల్లేరు తలాడిస్తూ గబగబా మింగింది. గొంతు కింద మేత తిత్తి చిన్న రేగుపండులా ఉబ్బింది. సుంకమ్మకు ఎంత సంతోషమైందంటే, అది మళ్ళీ నోరు తెరిచినప్పుడల్లా పెడుతూనే పోయింది.

మర్నాడు తెల్లవారుజామున చలికి గడ్డకట్టినట్టున్న ముద్దే పెట్టింది. అది తిత్తిలోంచి కిందికి దిగలేదు. ఎండెక్కినా అట్లాగే రాయిలా ఉండిపోయింది. పల్లేరు మెడ వాల్చేసింది. సుంకమ్మ ఆ పూటంతా దాన్ని పొట్టకానించుకుని కూర్చుని, వేలితో ఆ తిత్తిని మెల్లగా నిమిరింది. మధ్యాహ్నానికి ఒళ్ళు వెచ్చబడి ముద్ద కరిగింది, పిల్ల తలెత్తింది. చల్లటి ముద్ద కడుపుకు చేరదని అట్లా తెలిసింది. ఆ తర్వాత బండ మీది నీటిగుంటలో నీళ్ళు ఎండకు వేడెక్కాకే వాటితో ముద్ద కలిపేది. ఒకరోజు ఆ నీళ్ళు మరీ కాగిపోయాయి. అదృష్టం కొద్దీ ముందు తన పెదవికి తగిలించి చూసుకుంది, చురుక్కుమంది. అప్పటినుంచి పెదవికి తగిలించకుండా ఒక్క ముద్ద కూడా పెట్టలేదు. తిత్తి ఖాళీ అయితే తప్ప మళ్ళీ పెట్టకూడదని కూడా నేర్చుకుంది. ఆరుగురిని పెంచిన దానికి ఏడోదాన్ని పెంచడానికి ఇన్ని పాఠాలు కావలసివచ్చాయి.

నెల తిరిగేసరికి ముళ్ళు విచ్చుకుని ఆకుపచ్చ ఈకలయ్యాయి. పల్లేరు సుంకమ్మను అవ్వా అని పిలిచేది. ముద్ద వచ్చేవేళకు రెక్కలు వణికిస్తూ గోల చేసేది.

తర్వాత ఒకరోజు అది ముద్ద సగం తిని తల తిప్పేసుకుంది. మర్నాడు నోట్లో పెట్టిన దాన్ని చిమ్మేసింది. ఆకు మూతిని పట్టుకుని కొరికింది. పక్కనున్న గడ్డిపరక లాగింది, చిన్న రాయిని దొర్లించింది, గుండు అంచుదాకా నడిచి కిందికి తొంగి చూసింది. అన్నీ చేసింది, ముద్ద తప్ప. సుంకమ్మ దాని ఒళ్ళంతా తడిమి చూసింది. బిడ్డకు జబ్బు చేసిందనుకుంది.

ఆ దిగులుతోనే వంకకు నీళ్ళకు దిగింది. అక్కడ నక్క ఓబులేసు ఉన్నాడు. ఈ నెల రోజులుగా కింది గుండు నీడలో పడుకుని పైన జరిగేదంతా గమనిస్తున్నవాడే. చిలకపిల్ల ఉన్న తావుకు ఎక్కిపోవచ్చు గానీ, ముప్ఫై కొండముచ్చుల గోళ్ళు తప్పించుకుని దిగి రాలేడు. అందుకని ఓపిక పట్టాడు.

ఓబులేసు రెండు అడుగులు వెనక్కి తగ్గి, సుంకమ్మ నీళ్ళు తాగేదాకా ఆగి, ఎందుకట్లా చిక్కిపోయావని అడిగాడు. సుంకమ్మ ఉన్నదంతా చెప్పింది. అడిగేవాళ్ళు లేక ఆగిన మాటలు, అడగ్గానే వచ్చేశాయి.

"జబ్బు కాదు పెద్దమ్మా," అన్నాడు ఓబులేసు. "నీ చేతిలోంచి జారిపోయే ముందు లక్షణం. పక్షి ఎందుకు ఎగురుతుంది? మేత కోసం. ఆకలి లేని పక్షి ఎగరడం నువ్వెప్పుడైనా చూశావా? ముద్ద నోటికి వస్తుంటే దానికి రెక్కలతో ఏం పని? తల తిప్పుకుంటే మెడ పట్టుకుని పెట్టు. పూటకు ఒకటి ఎక్కువే పెట్టు. నీ ముసలితనంలో నీ పక్కనే పడి ఉంటుంది."

సుంకమ్మ మళ్ళీ గుట్టెక్కింది. దారి పొడుగునా నీ పక్కనే పడి ఉంటుంది అన్న మాట చెవిలో తీపిగా మోగుతూనే ఉంది.

ఆ సాయంత్రం నుంచే మొదలుపెట్టింది. పల్లేరు తల తిప్పితే రెండు వేళ్ళతో మెల్లగా పట్టుకుని పెట్టింది. మొదట్లో అది పెనుగులాడింది. నాలుగు రోజులకు మానుకుంది. పది రోజులకు రాళ్ళు దొర్లించడం, అంచుదాకా నడవడం కూడా మానేసి, గడ్డి మీద కూర్చుని నోరు తెరవడమే పనిగా పెట్టుకుంది. రొమ్ము గుండ్రంగా బలిసింది. ఈడు చిలకపిల్లలు అప్పటికే తోట మీద గుంపులుగా తిరుగుతున్నాయి. పల్లేరు వాటి అరుపు విని ఒకసారి తలెత్తి, మళ్ళీ దించేసుకునేది.

ఓబులేసు రోజూ వంక దగ్గర కలిసేవాడు. పిల్ల ఎట్లా ఉంది, ఒళ్ళు చేసిందా, రెక్క విప్పుతోందా అని అడిగేవాడు. పైన గాలి ఎక్కువ, కింద చదునుబండ మీద నీడ బాగుంటుంది, పగటిపూట అక్కడ కూర్చోబెట్టరాదా అని సలహా చెప్పేవాడు. అతి వినయం ధూర్తలక్షణమంటారు గానీ, తనకు కావలసిన మాట చెప్పేవాడి వినయం ఎవరికీ అతిగా కనపడదు.

బీడులో మైలన్న అనే ముసలెద్దు ఇదంతా చూస్తూనే ఉన్నాడు. మైలన్న మాట్లాడేది తక్కువ. నెమరు ఒక దఫా పూర్తయితే తప్ప నోరు విప్పడు. ఒక మధ్యాహ్నం సుంకమ్మ ఓబులేసు మాట ప్రకారం పల్లేరును చదునుబండ మీదికి దించి ముద్ద పెడుతుంటే, నెమరు ఆపి అడిగాడు.

"సుంకమ్మక్కా, నీ కడుపున పుట్టిన ఆరుగురికి పాలు ఎవరు మాన్పించారు?"

"నేనే."

"ఏడ్చారా?"

"ఏడవకుండా ఏ పిల్ల మానింది? తోసేసినా వచ్చి పడేవాళ్ళు. ఒకదాన్ని చెంప మీద కూడా కొట్టాను."

"మరి దీన్ని?"

సుంకమ్మ చేతిలోని ముద్ద వైపు చూసింది. మైలన్న తన దూడనాటి సంగతి చెప్పాడు. ఆ రోజుల్లో పాలు మాన్పించడానికి యజమాని మైలన్న మూతికి ముళ్ళ చిక్కం, అదే ముళ్ళ వల, కట్టాడట. పొదుగు దగ్గరికి పోతే ముల్లు గుచ్చుకుని తల్లి తన్నేదట. ఆ తన్ను తినకపోయుంటే ఈ రోజు కాడి మొయ్యగలిగేవాణ్ణి కాదన్నాడు. చెప్పి మళ్ళీ నెమరులో పడ్డాడు.

సుంకమ్మ ఆ మాటను పట్టుకుని పైకెక్కింది. పట్టుకుంటే గట్టిగా పట్టుకోవడం దాని గుణం. మర్నాడు పొద్దున్నే జొన్నకంకి తెచ్చి పల్లేరు ముందు పడేసి, ఇక నీ తిండి నువ్వే తినమని చెప్పి, దూరంగా వేరే గుండు మీద వీపు తిప్పుకుని కూర్చుంది. పల్లేరు కంకి వైపు చూడను కూడా చూడలేదు. అవ్వా అవ్వా అని పిలిచింది. పొద్దెక్కింది, పిలుపు సన్నబడింది. ఎండ వాలేవేళకు పిలుపే లేదు. సుంకమ్మ తిరిగి చూసింది. పల్లేరు ఈకలు ఉబ్బించుకుని, కళ్ళు సగం మూసి, ఒక కాలి మీద వణుకుతోంది. సుంకమ్మ ఒక్క దూకున వచ్చి, ముద్ద కలిపి, పెదవికి తగిలించి చూసి పెట్టింది. పెడుతున్నంతసేపూ తనను తాను తిట్టుకుంది.

మర్నాడు మైలన్న దగ్గరికి పోయి, నీ మాట విని బిడ్డను చంపుకోబోయానని నిష్ఠూరమాడింది. మైలన్న చాలాసేపు నమిలాడు.

"తప్పు నాదే అక్కా. సగమే చెప్పాను," అన్నాడు. "చిక్కం కట్టడానికి నెల ముందు నుంచే మా యజమాని పచ్చగడ్డి నా ముందు వేసేవాడు. నేను తొక్కేవాణ్ణి, వాసన చూసేవాణ్ణి, ఆటకు ఒక పరక నమిలేవాణ్ణి. పాలు తాగుతూనే ఉన్నాను. గడ్డి రుచి తెలిశాకే చిక్కం వచ్చింది. ఆకలితో ఎవరూ నేర్చుకోరు. కడుపు కాస్త నిండి ఉంటేనే ఆడతారు, ఆడితేనే నేర్చుకుంటారు."

సుంకమ్మకు రాళ్ళు దొర్లించిన పల్లేరు కళ్ళముందు మెదిలింది. ఆకు మూతిని కొరికిన పల్లేరు, ముద్ద చిమ్మిన పల్లేరు. జబ్బనుకున్నది జబ్బు కాదు. ఆ రోజు పల్లేరు తనంతట తానే మొదలుపెట్టిన పనిని సుంకమ్మే చేత్తో పట్టుకుని ఆపింది.

"ఓబులేసు మరోలా చెప్పాడు," అంది మెల్లగా. రోజూ అడుగుతాడని, ఒళ్ళు చేసిందా, ఎగురుతోందా అని ఎంతో ఆపేక్షగా కనుక్కుంటాడని చెప్పింది.

"పక్కింటి మేక బరువు రోజూ అడిగేవాడు చుట్టం కాదక్కా," అన్నాడు మైలన్న. "బేరగాడు."

సుంకమ్మ అక్కడే కూర్చుండిపోయింది. ఆ తర్వాత లేచి పైకి పోయింది.

ఆ రోజు నుంచి పల్లేరును మళ్ళీ పై గుండ్ల మీదే ఉంచింది. పొద్దున ఒక ముద్ద, సాయంత్రం ఒక ముద్ద, అడిగితేనే. మధ్యలో దాని చుట్టూ మేత పరిచింది. జొన్నకంకి, పొద్దుతిరుగుడు తల, రేగుపండు, చింతచిగురు, పచ్చి సెనగకాయలు. తినమని ఒక్కసారి కూడా చెప్పలేదు. తానే పక్కన కూర్చుని, సెనగకాయ ఒలుచుకుని చప్పుడయ్యేలా నమిలేది. మొదటి మూడు రోజులు పల్లేరు చూస్తూ ఊరుకుంది. నాలుగో రోజు ఒక సెనగకాయను కాలితో పట్టుకుని నాలుగువైపులా తిప్పి చూసి పారేసింది. అయిదో రోజు పొట్టు తీసింది, గింజను పారేసి పొట్టు నమిలింది. సుంకమ్మకు నవ్వొచ్చింది గానీ ఆపుకుంది. వారానికి గింజ ఏదో, పొట్టు ఏదో తెలిసింది. ఆ వారమే పొద్దుటి ముద్ద అడగడం మరిచిపోయింది. రొమ్ము మీది కొవ్వు కరిగి ఒళ్ళు సన్నబడింది. అంతకుముందైతే సుంకమ్మ కంగారుపడేది. ఇప్పుడు అది రెక్కలు విప్పి, ఉన్నచోటే నిలబడి దడదడలాడించడం చూసి ఊరుకుంది.

వంక దగ్గర ఓబులేసు మామూలుగానే అడుగుతున్నాడు. సుంకమ్మ మామూలుగానే జవాబు చెప్తోంది. ఇంకా నా చేతి ముద్దేనయ్యా, రెక్క విప్పితే ఒట్టు, మోయలేక నా చంక పడిపోతోంది అనేది. ఓబులేసు పెదవులు నాక్కుని, అంతా నీ పుణ్యం పెద్దమ్మా అనేవాడు.

సాయంత్రపు ముద్ద ఒక్కటి మాత్రం చాలా రోజులు మానలేదు. కడుపు నిండినా పల్లేరు ఆ వేళకు వచ్చి ఒక్క ముద్ద తిని, సుంకమ్మ మెడ పక్కన ముక్కు దూర్చి కూర్చునేది. అది ఆకలి కాదని సుంకమ్మకు తెలుసు. పెట్టింది. ఒక సాయంత్రం అది కూడా రాలేదు. పక్క గుండు మీద కూర్చుని సెనగకాయలు ఒలుచుకుంటూ ఉండిపోయింది. సుంకమ్మ కలిపిన ముద్ద చేతిలో పట్టుకుని పొద్దు వాలేదాకా చూసింది. సంతోషించవలసిన సంగతే. సంతోషించడానికి మాత్రం కొంచెం సేపు పట్టింది.

జొన్నకోతలు అయిపోయాయి. గుండ్ల మీద ఆకులు రాలాయి. మంద అవతలి కొండకు కదలాలని పెద్దలు అనుకున్నారు. కదిలే ఉదయం సుంకమ్మ పైన కూతుళ్ళతో మాట్లాడుతోంది. మనవలు ఎవరి వీపెక్కాలో తగవులాడుతున్నారు. సుంకమ్మ ఎందుకో కిందికి చూసింది.

కోతలోళ్ళు వదిలేసిన కంకి ఒకటి చదునుబండ మీద పడి ఉంది. దాని కోసం పల్లేరు తనంతట తానే దిగింది. కాలితో కంకి పట్టుకుని, తల వంచి గింజలు ఏరుకుంటోంది. దానికి రెండు బారల దూరంలో ఓబులేసు ఉన్నాడు. మోదుగాకు మూతి ఒకటి నోట కరుచుకొచ్చి, బండ మీద పెట్టి, వెనక కాళ్ళ మీద కూర్చున్నాడు. మంద వెళ్ళే రోజు కోసమే కాచుకున్నాడు. రాత్రంతా ఆ ముద్ద కోసం జొన్నలు నమిలాడు కాబోలు. పుట్టి బుద్ధెరిగాక నక్క జొన్నలు నమలడం అదే మొదలు.

సుంకమ్మ దూకబోయి ఆగింది. దూకినా అందదు. అరిస్తే పల్లేరు తన వైపు తిరుగుతుంది, ఆ తిరిగిన క్షణం ఓబులేసుకు చాలు. నోరు గట్టిగా మూసుకుని, గుండును పట్టుకుని నిలబడింది.

"పల్లేరూ," అంటున్నాడు ఓబులేసు తేనె పూసిన గొంతుతో. "అవ్వ మందతో పోతోంది నాయనా. తీరిక లేక ఈ పూట ముద్ద నన్ను పెట్టమంది. దగ్గరికి రా, నోరు తెరువు."

పల్లేరు తల ఒక పక్కకు వంచి ఆకులోకి చూసింది.

"ఎవరు నమిలారు మామా?"

"నేనే. నీ కోసమే."

"పొట్టు తియ్యలేదే," అంది పల్లేరు. అనుమానంగా కాదు, ఉన్న మాట చెప్పినట్టు. "అయినా నాకొద్దులే మామా. నేను తినేశాను."

ఓబులేసుకు ఈ జవాబు లెక్కలో లేదు. ముద్ద చూస్తే నోరు తెరుచుకుని వచ్చి మీద పడే పిల్ల కోసం వచ్చాడు. తీపిమాటలు అయిపోయాయి. ఇంక మిగిలింది దూకడమే. దూకాడు. కానీ ఓబులేసు లేచేసరికి పల్లేరు లేచింది. మొదటి రెక్క తడబడింది, రెండోది పట్టు దొరకబుచ్చుకుంది. ఓబులేసు ముందుకాళ్ళు ఖాళీ బండ మీద పడి జారాయి. గడ్డం రాతికి కొట్టుకుంది. పల్లేరు వంక దాటి, మైలన్న కొమ్ముల మీదుగా, పొద్దుతిరుగుడు తోట వైపు పచ్చటి గీతలా పోయింది.

ఓబులేసు తలెత్తాడు. పైన గుండు అంచున సుంకమ్మ, సుంకమ్మ వెనక మంద మొత్తం నిలబడి చూస్తోంది.

"ముద్ద చల్లారిపోతుంది ఓబులేసూ," అంది సుంకమ్మ. "నువ్వే తినెయ్యి."

బీడులో మైలన్న నెమరు ఆపి ఒకసారి ముక్కుతో గట్టిగా ఊదాడు. ఎద్దులు నవ్వితే అట్లాగే ఉంటుంది. ఓబులేసు అటూ ఇటూ చూసి, తోక దించుకుని గుండ్ల సందులోకి పోయాడు. నిన్నటి నుంచీ కడుపులో ఏమీ లేదు. కాసేపటికి మళ్ళీ తల బయటపెట్టి, ఎవరూ చూడటం లేదనుకుని, ఆకులో ముద్ద నాకేశాడు.

మంద కదిలింది. కూతురు ఆగి, రానంటావేమో అనుకున్నానంది. ఎందుకు రానని సుంకమ్మ ముందు నడిచింది. చాలా రోజుల తర్వాత అడుగు సరిగ్గా పడుతోంది. గుట్ట దిగుతుంటే తోట మీంచి చిలకల గుంపొకటి అరుచుకుంటూ లేచింది. నలభై ఉంటాయో, యాభై ఉంటాయో. అన్నీ ఒకే పచ్చ, ఒకే అరుపు. సుంకమ్మ చెయ్యి కళ్ళకడ్డం పెట్టుకుని చూసింది. వాటిలో తన పల్లేరు ఏదో పోల్చుకోలేకపోయింది. ఇంకోసారి చూసింది, అప్పటికీ తెలియలేదు. తెలియకపోవడమే బాగుందనిపించి, నడక సాగించింది.

నీతి: నోటికి అందించడం ప్రేమ, తనంతట తాను తినేదాకా ఓపిక పట్టడం అంతకన్నా పెద్ద ప్రేమ.